తెల్లారేదాకా నిలవని పిండివంటలు: మలయ్ రంజాన్ చాప మీదికి అన్ని రకాలు ఎలా వచ్చేవి?

మలేషియాలో అరవై దాటిన మలయ్ పెద్దవాళ్ళ దగ్గర చిన్నప్పటి రంజాన్ మాటెత్తితే కబుర్లు చాలాసార్లు ఒక చాప దగ్గరికి వచ్చి ఆగుతాయి. చాప చుట్టూ ఇంటిల్లిపాదీ, మధ్యలో అన్నం, కూర, ఖర్జూరాలు, వాటి పక్కన చిన్న చిన్న పళ్ళేల్లో అయిదారు రకాల తీపి వంటలు. ఆకుపచ్చవి, నీలం రంగువి, అరిటాకులో చుట్టినవి, కొబ్బరి కోరులో దొర్లించినవి. "మీ అమ్మగారు రోజూ ఇన్ని చేసేవారా?" అని అడిగితే మాత్రం నవ్వేస్తారు. అమ్మ చేసేది ఒక్కటే, మహా అయితే రెండు. ఇంట్లో కట్టెలపొయ్యి, చంకలో ఒకరు, చుట్టూ మరో అరడజను మంది పిల్లలు, పైగా తనకీ ఉపవాసం. మరి మిగతా పళ్ళేలు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

జవాబు ఆ వంటల స్వభావంలోనే ఉంది. మలయ్ వాళ్ళు 'కుయి' అని పిలుచుకునే ఈ పిండివంటల్లో రంజాన్ సాయంత్రాలకి చేసేవి చాలావరకు మర్నాటికి పనికిరావు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావి తేలిగ్గా విడిపోతాయి. పళ్ళేలు ఇంటింటికీ ఎందుకు తిరిగేవో, సాయంత్రపు బజార్లు ఎందుకు వెలిశాయో, పండగనాడు సీసాల్లో కనిపించే వంటలు పూర్తిగా వేరే ఎందుకో అర్థమవుతుంది.

ఆవిరి, కొబ్బరిపాలు, ఆకు

కుయి అనగానే బేకరీ కేకుని ఊహించుకోకూడదు. వీటిలో చాలావాటికి గోధుమపిండి, వెన్న, ఓవెన్ అక్కర్లేదు. బియ్యప్పిండి, జిగురు బియ్యం, కర్రపెండలం, కొబ్బరిపాలు, బెల్లం ఉంటే చాలు. ఆవిరి మీద ఉడికించడమో, మరిగే నీళ్ళలో వేయడమో ముఖ్యమైన పద్ధతి.

ముందు బియ్యం సంగతి. బియ్యంలోని పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల అణువులుంటాయి. మనం తినే బియ్యంలో అమైలోజ్ తగినంత ఉండబట్టే అన్నం పలుకు పలుకుగా వస్తుంది. 'పులుత్' అనే జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపుగా ఉండదు. అందుకే ఉడికాక ముద్దగా సాగుతుంది. కుయి చేసేవాళ్ళ నేర్పంతా ఈ పాళ్ళు మార్చడంలో ఉంది. కోస్తే నిలబడాలంటే మామూలు బియ్యప్పిండి, సాగాలంటే జిగురు బియ్యప్పిండి, అద్దంలా మెరవాలంటే కర్రపెండలం పిండి. కోసుయి లాంటి కొన్నిటిలో చిటికెడు సున్నపు తేట కూడా కలుపుతారు. తాంబూలంలో వాడే సున్నమే. పాతకాలపు మలయ్ ఇళ్ళలోనూ తమలపాకుల పెట్టె ఉండేది కాబట్టి దానికోసం వెతుక్కోనక్కర్లేదు. ఆ సున్నంతో పిండికి గట్టి బిగువు వస్తుంది.

తీపికి గుల మెలక. కొబ్బరి పూగుత్తిని గీసి తీసిన నీరాని కాచి, వెదురు గొట్టాల్లో పోసి గడ్డకట్టించిన బెల్లం ఇది. తాటిబెల్లం రుచి ఎరిగిన తెలుగువాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. వాసనకి, పచ్చ రంగుకి పాందాన్ ఆకు. ఇది మన మొగలికి దగ్గరి చుట్టం. మొగలికి పూవు వాసన, దీనికి ఆకు వాసన. బాస్మతి బియ్యానికి ఆ ఘుమఘుమనిచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థమే పాందాన్ ఆకులోనూ ఉంటుంది. నీలానికి మన పెరళ్ళలో అల్లుకునే శంఖపుష్పమే. పూరేకులని నలిపి తీసిన నీళ్ళలో జిగురు బియ్యం నానబెడతారు.

ఇక కొబ్బరిపాలు. ఈ కథంతా నడిపించేది ఇవే. మొదటి పిండుడులో వచ్చే చిక్కటి పాలు, నీళ్ళు పోసి రెండోసారి పిండితే వచ్చే పల్చటి పాలు, రెండిటికీ వేరు వేరు పనులు. చిక్కటి పాలలో ఉప్పు వేస్తారు. తెపుంగ్ పెలిత అనే కుయిలో ఇది బాగా తెలుస్తుంది. ఆకు దొన్నెలో అడుగున చక్కెర, మీద పచ్చటి పాందాన్ పొర, ఆ పైన ఉప్పగా ఉండే తెల్లటి కొబ్బరిపాల పొర. చెంచా అడుగుదాకా దించి మూడూ కలిపి తినాలి. పైపైన తింటే ఉప్పే తగులుతుంది.

కొబ్బరిపాలతో చేసిన వంట ఆ వేడి దేశంలో రాత్రి గడిచేసరికి పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకో చిక్కు. ఉడికిన పిండిపదార్థం చలికి మళ్ళీ బిగుసుకుంటుంది, మెత్తటి కుయి గట్టి ముద్దయిపోతుంది. బయట ఉంచితే పులుపు, లోపల పెడితే రాయి. ఫ్రిజ్‌లు వచ్చాక కూడా ఈ వంటల ఆయుష్షు పెద్దగా పెరగకపోవడానికి కారణం ఇదే.

రుచి చూడకుండా వండటం

ఇంకో విశేషం ఉంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. రంజాన్‌లో కుయి చేసే మనిషి ఉపవాసంలో ఉంటుంది. అవసరమైతే నాలుక చివర తాకించి ఉమ్మేసే వెసులుబాటు మతపరంగా ఉన్నా, చేయి తిరిగినవాళ్ళు దాని జోలికి పోరు. ఉప్పు గుప్పిట్లో ఎంతుందో చూసుకుంటారు, పాకం వాసన బట్టి పడతారు, ముద్ద వేళ్ళ మధ్య ఎలా సాగుతోందో చూస్తారు. కొలత అడిగితే 'అగక్-అగక్' అంటారు, అంటే ఉజ్జాయింపుగా అని. కూతురు పక్కన కూర్చుని చూసి నేర్చుకోవాల్సిందే. కాగితం మీద రాసుకోవడానికి అమ్మ దగ్గర గ్రాములు లేవు.

సెరి ముక అనే కుయిని తీసుకోండి. కింద కొబ్బరిపాలతో ఉడికిన జిగురు బియ్యం, మీద పాందాన్, గుడ్లు, కొబ్బరిపాలు కలిపిన పచ్చటి పొర. కింది అన్నాన్ని అరిటాకు ముక్కతో గట్టిగా అదమాలి, లేకపోతే కోసేటప్పుడు విడిపోతుంది. మరీ నున్నగా అదిమితే పై పొర అంటుకోదు, కాస్త గరుకు మిగల్చాలి. పై పొర పోశాక మంట తగ్గించాలి, ఆవిరి ఉధృతంగా ఉంటే అది అలలు అలలుగా పొంగుతుంది. మూతకి గుడ్డ చుట్టాలి, లేకపోతే ఆవిరి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడి గుంటలు పడతాయి. చల్లారకుండా కోయకూడదు. వీటిలో ఏదీ నాలుకతో తెలిసేది కాదు. అన్నీ కంటికీ చేతికీ తెలిసేవే.

కుయి లాపిస్ ఇంకా ఓపిక అడుగుతుంది. తొమ్మిది పొరల దాకా ఉంటాయి. ఒక పొర పోసి, ఉడికాక, దాని మీద ఇంకోటి. కింది పొర మరీ గట్టిపడితే పైది అతకదు, పచ్చిగా ఉంటే రంగులు కలిసిపోతాయి. అంత కష్టపడి అతికించినదాన్ని పిల్లలు ఒక్కో పొరా ఒలుచుకుని తింటారు. మలయ్ పిల్లలే కాదు, ఆ దేశంలో పుట్టిన చైనీస్, భారతీయ సంతతి పిల్లలూ అలాగే తింటారు. ఇలా తింటేనే కుయి లాపిస్ తిన్నట్టని నా నమ్మకం.

ఇంట్లో వంట చేసేవాళ్ళకే రుచి చూసే వీలు లేనప్పుడు, పిల్లలకి ఆ గంటల్లో మిగిలేది వాసన ఒక్కటే. మధ్యాహ్నం మూడింటి నుంచి పాందాన్ ఆకు దంచిన వాసన, బెల్లం కరిగే వాసన, అరిటాకు ఆవిరి పట్టిన వాసన. కొబ్బరికోరు పీట మీద కూర్చుని కొబ్బరి తురమడం పిల్లల వంతు. తురుముతున్న చేయి నోటి దగ్గరికి పోకుండా ఆపుకోవడమే అసలు పరీక్ష. ఆపుకోలేనివాళ్ళ ఉపవాసాన్ని 'పువాస యంగ్ యోక్' అని ఆటపట్టిస్తారు, ఎవరూ చూడకుండా కుండ మూత తీసే చిన్నారుల ఉపవాసమన్నమాట. చిన్ననాటి రంజాన్ జ్ఞాపకాల్లో రుచి కన్నా వాసన ముందుండటానికి కారణం ఇదే అనుకుంటాను. ఆ వాసనతో వాళ్ళు నాలుగు గంటలు గడిపేవారు. తినడం నాలుగు నిమిషాల్లో అయిపోయేది.

భూమధ్యరేఖకి దగ్గరగా ఉండటంవల్ల ఈ దినచర్య ఏటా ఒకేలా సాగుతుంది. రంజాన్ నెల ప్రతి ఏడూ దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. హైదరాబాద్‌లో చలికాలానికీ వేసవికీ సూర్యాస్తమయంలో గంటకు పైగా తేడా ఉంటుంది. కౌలాలంపూర్‌లో మాత్రం ఏ నెలలో వచ్చినా పొద్దు ఏడింటికీ ఏడున్నరకీ మధ్యనే వాలుతుంది. కాబట్టి మూడింటికి మొదలుపెట్టి ఆరున్నరకల్లా దించేయడమనే లెక్క రంజాన్ ఏ కాలంలో వచ్చినా మారదు.

పళ్ళెం నడక

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. సెరి ముక ఒక పళ్ళెంనిండా చేస్తే ఇరవై ముప్పై ముక్కలు వస్తాయి. తక్కువ చేయడం కుదరదు, పని అంతే పడుతుంది. ఇంట్లో ఎనిమిదిమంది తలో ముక్క తిన్నా సగానికి పైగా మిగులుతుంది. తెల్లారితే పులిసిపోతుంది. కాబట్టి అది ఇల్లు దాటాల్సిందే.

ఇఫ్తార్‌కి కాస్త ముందు పిల్లల చేతికి పళ్ళెం ఇచ్చి పక్కింటికి పంపేవారు. పక్కింటివాళ్ళు ఆ పళ్ళెంలో తాము చేసినది పెట్టి పంపేవారు, ఖాళీ పళ్ళెం తిప్పి పంపడం మర్యాద కాదు. అయిదిళ్ళకి వెళ్ళిన పిల్లవాడు అయిదు రకాలతో తిరిగొచ్చేవాడు. చాప మీది వైవిధ్యం అమ్మ ఒక్కతి చేతి పని కాదు, ఊరంతా కలిసి చేసినది. ప్రతి ఇల్లూ ఒక వంటలో పేరు తెచ్చుకునేది. ఫలానా ఇంటి మక్ చిక్ (పిన్నిగారు) చేసే ఒండె-ఒండె అనే బెల్లం ఉండలు, ఫలానా వాళ్ళింటి కెతాయప్ అనే కొబ్బరి చుట్టలు అని. ఒకరిది ఇంకొకరు చేయబోయేవారు కాదు, ఆ అవసరమే ఉండేది కాదు.

ఇంకా మిగిలితే అవి రాత్రికి మసీదుకో, వీధిలోని చిన్న ప్రార్థనా మందిరమైన 'సురావు'కో చేరేవి. తరావీహ్ అనే రాత్రి నమాజు అయ్యాక అందరూ కూర్చుని టీతో తినే చిరుతిండిని 'మొరె' అంటారు. పది గంటలకల్లా పళ్ళేలన్నీ ఖాళీ. మసీదుల్లో పెద్ద గుండిగల్లో కాచి పంచే బుబుర్ లంబుక్ అనే మసాలా గంజిదీ ఇదే ధర్మం. దానికి కౌలాలంపూర్‌లోని కంపుంగ్ బారు జామె మసీదు పెట్టింది పేరు. ఈ రోజు వండింది ఈ రోజే ఊరంతా తినాలి.

సీసాల్లోకి వెళ్ళేవి

రంజాన్ చివరి పది రోజులు వచ్చేసరికి వంటింటి ధోరణి మారిపోతుంది. ఇంటి ముందు నూనె దీపాలు వెలుగుతాయి, 'తుజుహ్ లికుర్' అనే ఇరవైయేడో రాత్రి మరీ ప్రత్యేకం. వంటింట్లో కొబ్బరిపాలు వెనక్కి తగ్గి నెయ్యి, గుడ్లు ముందుకొస్తాయి. ఇవి హరి రాయ పండక్కి, అంటే మన రంజాన్ పండగకి. నెలరోజుల పాటు వచ్చే చుట్టాలందరికీ పెట్టాలి కాబట్టి నిలవ ఉండాలి.

బహులు అనే చిన్న గుడ్డు కేకులకి ఇత్తడి అచ్చులుంటాయి, చేపలు, పూలు. కిందా నిప్పులు, మూత మీదా నిప్పులు. ఓవెన్ లేని ఇళ్ళలో ఓవెన్ పని చేయించే ఏర్పాటు అది. దోదోల్ అనే హల్వాలాంటి తీపికి పెద్ద ఇనప కడాయి, ఆరేడు గంటల కలపడం. చల్లబడేకొద్దీ కాదు, ఉడికేకొద్దీ బరువెక్కే పాకమది. మగవాళ్ళూ వంతులేసుకుని తిప్పేవారు. కుయి రోస్ అని ఇంకోటి ఉంది. పూవు ఆకారపు ఇనప గుత్తిని పిండిజారులో ముంచి నూనెలో ఆడిస్తారు. కోస్తా ఇళ్ళలో చేసే గులాబి పువ్వులే, వేరే ఏమీ కాదు. మన జంతికలు కూడా మురుక్కు అనే తమిళ పేరుతో పండగ బల్ల మీద దర్జాగా ఉంటాయి.

పిల్లల జ్ఞాపకంలో ఈ రెండు జాతులూ కలవవు. కొబ్బరిపాల కుయి ఉపవాసపు సాయంత్రాలకి, సీసాల కుయి పండగ ఉదయాలకి. ఒకదానికి ఎదురుచూపు, ఇంకోదానికి కొత్తబట్టలు.

ఎవరి వంటలివి?

ఈ ప్రశ్న మీద మలేషియా, ఇండోనేషియా, సింగపూర్ వాళ్ళు తరచూ వాదించుకుంటారు. మలయ్‌దా, అక్కడ తరాల కిందటే స్థిరపడ్డ పెరనకాన్ చైనీస్ వాళ్ళదా అన్న వాదన వేరే. నాకు ఆ వాదనలకన్నా వంట లోపలి ఆధారాలే ఎక్కువ చెబుతాయనిపిస్తుంది.

బియ్యం, కొబ్బరి, నీరా బెల్లం, ఆకులో చుట్టడం: ఇది ఆ ద్వీపసమూహంలోని పాత పునాది. దాని మీద ఒక్కొక్కరూ ఒక్కో పొర వేశారు. పోర్చుగీసులు 1511లో మలయ్ రేవుపట్టణం మెలకని పట్టుకున్నారు. ఐరోపావాళ్ళ ఓడల వెంటే అమెరికా ఖండపు దుంపలు తూర్పుకి చేరాయి. కాబట్టి కర్రపెండలంతో కాల్చే బింగ్క ఉబి, చిలగడదుంప లోపల చక్కెర పెట్టి వేయించే చెక్ మెక్ మొలెక్, రెండూ ఎంత పల్లెటూరి వంటల్లా కనిపించినా 16వ శతాబ్దానికి ముందువి అయ్యే వీల్లేదు.

కెలంతాన్ రాష్ట్రంలో జాల మస్ చేస్తారు. గుడ్డు పచ్చసొనని సన్నటి ధారగా పాకంలో వల అల్లినట్టు పోస్తారు. ఇదే పక్కనున్న థాయిలాండ్‌లో ఫోయ్ థాంగ్, పోర్చుగల్‌లో ఫియోస్ ద ఓవోస్. థాయి సంప్రదాయం దీన్ని 17వ శతాబ్దంలో అయుత్తయ రాజాస్థానంలో ఉన్న మరియా గయోమార్ అనే పోర్చుగీసు, జపనీసు రక్తసంబంధమున్న మహిళ పేరు మీద చెబుతుంది. అలా పోర్చుగల్ క్రైస్తవ మఠాల తీపి సయాం (నేటి థాయిలాండ్) మీదుగా వచ్చి కెలంతాన్ ముస్లింల ఇఫ్తార్ పళ్ళెంలో కూర్చుంది. కెలంతాన్ రాజధాని కోట భారులో ఆడవాళ్ళే నడిపే సిటి ఖదీజా మార్కెట్‌లో ఇప్పటికీ ఇవి అమ్ముతారు. బొగ్గుల మీద కాల్చిన అకోక్ అనే కుయి కూడా దొరుకుతుంది.

బింగ్క ఉబికి ఇంకో జ్ఞాపకం అంటుకుని ఉంది. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలో దిగాక, బర్మా, సయాంల నుంచి వచ్చే బియ్యం అడుగంటింది. 1945 దాకా జనం కర్రపెండలం తిని బతికారు. ఆ కాలం చూసిన ముసలివాళ్ళలో కొందరు తర్వాత ఆ దుంపని ముట్టలేదు. ఇంకొందరు రంజాన్‌లో దానితోనే తీపి చేసుకున్నారు. రెండూ నాకు అర్థమవుతాయి.

మనకి నేరుగా తగిలే ముడి కొబ్బరి దగ్గర ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దతుక్ చుట్టుపక్కల తోటల్లో స్థిరపడ్డాయి. రబ్బరుతో పాటు అక్కడ కొబ్బరి ముఖ్యమైన పంట, ఇప్పటికీ ఆ జిల్లా పేరు చెబితే కొబ్బరే గుర్తొస్తుంది. కుయి గురించి రాసేటప్పుడు కొబ్బరిపాలని పొగిడి, ఆ కాయలు దింపి, ఒలిచి, ఎండబెట్టిన తెలుగు కూలీలని వదిలేస్తే అన్యాయం.

బజారు వచ్చింది, ఏం పోయింది?

ఇప్పుడు ఎక్కువమంది కుయి కొనుక్కుంటున్నారు. రంజాన్ నెలంతా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల నుంచి పొద్దువాలేదాకా ఊరూరా గుడారాల వరసలు, 'బజార్ రమదాన్'. సింగపూర్‌లో గెలాంగ్ సెరాయ్ దగ్గరా ఇంతే. "అమ్మలు చేసే రోజులు పోయాయి" అన్న నిట్టూర్పు ప్రతి ఏడూ వినిపిస్తుంది.

ఆ నిట్టూర్పుతో నేను ఏకీభవించలేను. అమ్మకం కొత్తగా వచ్చింది కాదు. పాత పల్లెల్లోనూ తల్లులు చేసిన కుయిని పిల్లలు బుట్టలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేవారు. కొన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఆ డబ్బుతోనే. ఇంకో సంగతి, ఆ మధురమైన జ్ఞాపకాలన్నీ తిన్నవాళ్ళవి. నీళ్ళు కూడా ముట్టకుండా ఆవిరి గుండిగ ముందు మూడు నాలుగు గంటలు నిలబడినవాళ్ళని అడిగితే వేరే జ్ఞాపకం చెబుతారు. బజారు ఆ ఆడవాళ్ళకి సాయంత్రాన్ని తిరిగిచ్చింది, చేయి తిరిగినవాళ్ళకి సంపాదనా ఇచ్చింది. ఒక దుకాణం ఒక్క కుయికే పేరు మోయడం, ఆరున్నరకల్లా అమ్ముడయిపోవాలన్న హడావిడి, ఇదంతా పాత లెక్కే. ఇప్పుడు డబ్బుతో నడుస్తోంది.

నిజంగా పోయినది పళ్ళెం తిరిగి రావడం. అపార్టుమెంట్లలో, గేటు వేసిన వీధుల్లో పిల్లలు పళ్ళెం పట్టుకుని తలుపులు తట్టడం తగ్గింది. రాయకముందే పోతున్న కొలతలు కూడా అంతే. తల్లి చేతిని చూసి నేర్చుకోవాల్సిన వంట, తల్లి పక్కన కూర్చునే తీరిక లేక ఒక్కో ఇంట్లో ఆగిపోతోంది. పొడి ఇడియప్పం పిండి లాగా ప్యాకెట్లలో దొరికే కుయి మిశ్రమాలు రంగు తెస్తాయి గానీ బిగువు తేలేవు. గడ్డకట్టించి అమ్మే కుయి కొంత నయం, అదీ అన్ని రకాలకీ కుదరదు.

మన వంటింట్లో ఒకటి చేసి చూడాలనుకునేవాళ్ళు ఒండె-ఒండెతో మొదలుపెట్టొచ్చు. దీనికి జిగురు బియ్యప్పిండే కావాలి. మన బియ్యప్పిండితో చేస్తే ఉండ పగిలి బెల్లం నీళ్ళలో కలిసిపోతుంది. పాందాన్ ఆకు దొరికితే దంచి రసం తీసి దానితోనే పిండి తడపండి, దొరక్కపోతే ఉత్త నీళ్ళే మంచిది, సీసా సెంటు వద్దు. గుల మెలక బదులు తాటిబెల్లం బాగా కుదురుతుంది. సన్నగా తరిగి, గోలీకాయంత ఉండ మధ్యలో పెట్టి, ఎక్కడా బీట లేకుండా మూయాలి. మరిగే నీళ్ళలో వేస్తే మునిగి, ఉడికాక పైకి తేలుతుంది. తేలాక ఇంకొక్క నిమిషం ఉంచితే లోపలి బెల్లం పూర్తిగా కరుగుతుంది. తీసి, చిటికెడు ఉప్పు కలిపిన పచ్చి కొబ్బరి కోరులో దొర్లించండి. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని, పెదవులు మూసుకుని కొరకాలి, లేకపోతే పాకం ఎదుటివాళ్ళ చొక్కా మీద పడుతుంది. ఇరవై వస్తే పది పక్కింటికి పంపండి, రేపటికి దాచొద్దు.